ఒంటి కొలతలతో పాత నేరస్తుణ్ని ఎలా పట్టేవారు? ఆ పద్ధతి ఎందుకు పోయింది?

మీరు లా విద్యార్థినని చెప్పి మూడు ప్రశ్నలు అడిగారు. ఫొటో ఉండగా ఒంటి కొలతలు తీయడం ఎందుకు? అంత బాగా పనిచేసిన పద్ధతిని ఎందుకు మానేశారు? ఇప్పటి పోలీసు పనిలో అందులో ఏమైనా మిగిలిందా? నేను వేలిముద్రల బ్యూరోలో 27 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ మూడూ నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్లను అడిగినవే. కాస్త పెద్ద సమాధానం అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. మనిషిని గుర్తుపట్టడం వేరు, అతని పాత కాగితాన్ని వెతికి తీయడం వేరు. రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఇద్దరూ ఒకరేనా అని ఎవరైనా చూసి చెబుతారు. కానీ ఆ రెండో ఫొటో ఎక్కడుంది? ఇవాళ దొరికినవాడు తన పేరు ఒకటి చెబుతాడు, ఐదేళ్ల కింద దొరికినప్పుడు ఇంకో పేరు చెప్పి ఉంటాడు. ఫొటోలన్నీ పేరు ప్రకారం బీరువాలో ఉన్నాయి. పేరే అబద్ధమైతే 60 వేల ఫొటోల్లో ఆ ఒక్కటి తీయడమెలా? అకారాది క్రమం లేని నిఘంటువులో మాట వెతికినట్టే. ఈ రంగం చరిత్ర మొత్తం ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరిగింది.

ఫ్రాన్సులో నేరస్తుడి ఒంటిమీద కాల్చి ముద్ర వేసే శిక్ష 1832లో రద్దయింది. అది క్రూరమైన పద్ధతి. పోవడమే మంచిదైంది. కానీ దానితో పాటు 'వీడు పాతవాడు' అని ఒంటిమీద కనిపించే గుర్తు కూడా పోయింది. 1871లో పారిస్ కమ్యూన్ తిరుగుబాటు మంటల్లో నగరపు జనన మరణ రికార్డులు తగలబడ్డాయి. ఎవరైనా ఏ పేరైనా చెప్పుకోవచ్చు, కాదని నిరూపించే కాగితం లేదు. ఫొటోలు అప్పటికే వచ్చాయి. బెల్జియం జైళ్లలో 1840లలోనే ఖైదీల ఫొటోలు తీశారు. బ్రిటన్‌లో 1871 చట్టం ఖైదీల ఫొటోలు తీసి రిజిస్టరులో పెట్టమంది. కానీ ఒక్కో ఫొటోగ్రాఫర్ ఒక్కో రకంగా తీసేవాడు. ఒకచోట నిలువెత్తు బొమ్మ, ఒకచోట ముఖం మాత్రమే, ఒకచోట టోపీతో. కొందరు ఖైదీలు కావాలని ముఖం వంకరగా పెట్టేవారు. బీరువాలు నిండాయి, మనుషులు మాత్రం దొరకలేదు.

1879లో పారిస్ పోలీసు ప్రధాన కార్యాలయంలో 25 ఏళ్ల యువకుడు గుమాస్తాగా చేరాడు. పేరు అల్ఫోన్స్ బెర్టిలాన్. నేరస్తుల వర్ణనలు కార్డుల మీదికి ఎక్కించడం అతని పని. 'ఎత్తు మామూలు, ముఖం సాధారణం' అని వేల కార్డుల మీద అవే మాటలు. ఆ మాటలతో ఎవర్నీ పట్టలేమని అతనికి కొద్ది నెలల్లోనే అర్థమైంది. అతని తండ్రి లూయీ అడాల్ఫ్ వైద్యుడు, గణాంకాల నిపుణుడు, మానవ శాస్త్రవేత్త. పుర్రెలు కొలవడం, సగటులు కట్టడం ఆ ఇంట్లో రోజూ వినపడే మాటలు. పెద్దయ్యాక మనిషి ఎముకల పొడవు దాదాపు మారదనీ, ఇద్దరి కొలతలన్నీ కలవడం అరుదనీ అతను చిన్నప్పటి నుంచి విన్నాడు. ఆ కొలతల ప్రకారం కార్డులు పెడితే పాతవాళ్లను పట్టవచ్చని అదే ఏడాది పై అధికారికి నివేదిక ఇచ్చాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత వచ్చిన అధికారి కామెకాస్ 1882 చివర్లో మూడు నెలల గడువిచ్చాడు. ఈలోపు ఒక్క పాత నేరస్తుణ్నైనా పేరు మార్చుకున్నా పట్టి చూపించమన్నాడు.

మూడు నెలల్లో కార్డులు పోగవ్వాలి, వాటిలో ఒకడు మళ్లీ నేరం చేసి దొరకాలి, దొరికి అబద్ధపు పేరు చెప్పాలి. ఆ టెన్షన్ ఊహించండి. 1883 ఫిబ్రవరిలో డ్యూపాంట్ అనే పేరు చెప్పిన ఒకడు దొరికాడు. ఫ్రాన్సులో ఆ పేరు మనకు సుబ్బారావు లాంటిది, ఎవరైనా చెప్పేస్తారు. బెర్టిలాన్ అతన్ని కొలిచి, డ్రాయర్ తీసి, రెండు నెలల కింద మార్టిన్ అనే పేరుతో ఉన్న కార్డు బయటికి లాగాడు. ఆ మనిషి ఒప్పుకున్నాడు. ఆ ఏడాది మొత్తం 49 మందిని, తర్వాతి ఏడాది 241 మందిని అలా పట్టారు. 1885లో ఫ్రాన్సు మాటిమాటికీ నేరాలు చేసేవాళ్లను సముద్రం అవతలి వలసలకు పంపే చట్టం తెచ్చింది. అంటే ఒకడు పాతవాడా కాదా అన్నది అతని జీవితాన్నే తేల్చే ప్రశ్న అయింది. ఈ పద్ధతి అంత వేగంగా పాకడానికి ఆ చట్టం పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇక కొలిచే తీరు. మనిషి చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడతాడు. ఎత్తు, చేతులు చాచిన వెడల్పు, కూర్చున్న ఎత్తు తీస్తారు. తల పొడవు, తల వెడల్పు కొలవడానికి వంకర చేతుల కాలిపర్స్ ఉండేవి. తర్వాత కుడి చెవి, ఎడమ పాదం, ఎడమ చేతి నడిమి వేలు, చిటికెన వేలు, మోచేతి నుంచి వేలికొసల దాకా పొడవు. పాదం కొలిచేటప్పుడు మనిషి చిన్న పీట మీద ఎడమ కాలి మీదే బరువు మోపి నిలబడాలి. అప్పుడే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. చేతులూ పాదం ఎడమవే ఎందుకంటే, కుడి చెయ్యి పనిలో అరిగి, వంగి, దెబ్బలు తిని మారుతుంది. కొలతలతో పాటు కంటి రంగు, పుట్టుమచ్చలు, మచ్చలు, పచ్చబొట్లు కూడా రాసేవారు. ఏ మచ్చ ఏ కీలుకు ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో కూడా రాయాలి.

అసలు గొప్పతనం డ్రాయర్లలో ఉంది. 60 వేల కార్డులున్నాయనుకోండి. తల పొడవును చిన్న, మధ్య, పెద్ద అని మూడుగా విడగొడితే ఒక్కో వరుసకు 20 వేలు. తల వెడల్పుతో మళ్లీ మూడు చేస్తే సుమారు 6,600. నడిమి వేలుతో 2,200. పాదంతో 740. మోచేతితో 250 లోపు. ఎత్తుతో 82. చిటికెన వేలుతో 27. ఇక కంటి రంగు చూస్తే పది పదిహేను కార్డులు చేతిలో మిగులుతాయి. వాటి మీది ఫొటోలు అప్పుడు చూడాలి. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. కొలతలు కార్డు దొరకడానికి, ఫొటో, మచ్చలు మనిషిని ఖాయం చేసుకోవడానికి.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది, పుస్తకాల్లో తరచూ వదిలేస్తారు. మూడు వరుసల్లోనూ కార్డులు సమానంగా పడాలని అతను హద్దులు జరిపాడు. మనుషుల్లో ఎక్కువమంది సగటు దగ్గరే ఉంటారు కాబట్టి 'మధ్య' అనే వరుస కొద్ది మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది. ఈ తెలివే తర్వాత అతని మెడకు చుట్టుకుంది. ఆ మాట కిందికి వస్తాను.

ఫొటోను కూడా అతనే దారిలో పెట్టాడు. కదలని కుర్చీ, కదలని కెమెరా, ఒకే దూరం, ఒకే వెలుగు. ముఖం ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. తల బొమ్మ అసలు సైజులో ఏడో వంతు ఉండాలి. పక్క బొమ్మ ఎందుకంటే, ఎదురుగా చూస్తే నవ్వు, కోపం, గడ్డం, లావు అన్నీ మనిషిని మార్చేస్తాయి. పక్కనుంచి చూస్తే ముక్కు గీత, నుదురు వాలు, చెవి ఆకారం మారవు. చెవి మీద అతనికి అపారమైన నమ్మకం. ఫొటో చేతిలో లేని కానిస్టేబులుకు కూడా పనికొచ్చేలా ముక్కు, చెవి, కనుబొమల రకాలకు పొట్టి పేర్లు పెట్టి, చూసిన మనిషిని మాటల్లో చెప్పే పద్ధతి తయారు చేశాడు.

1892లో పారిస్‌లో బాంబులు పేల్చిన రావషోల్ దొరికినప్పుడు ఈ పద్ధతికి పెద్ద పేరొచ్చింది. అతని కొలతలు తీసుకుంటే, అంతకు ముందు సెంటెతియెన్ అనే ఊళ్లో కోనిగ్‌స్టైన్ పేరుతో తీసిన కార్డుతో సరిపోయాయి. ఆ కార్డు వల్ల అతను పాత హత్య కేసులో కావలసినవాడని తేలింది. అదే ఏడాది అతనికి మరణశిక్ష అమలైంది. ఆ చుట్టుపక్కల ఏళ్లలో యూరప్, అమెరికా, బ్రిటిష్ ఇండియా పోలీసులు కాలిపర్స్ కొన్నారు.

మరి ఎందుకు మానేశారు? చాలామంది ఒక కథ చెబుతారు. అమెరికాలో లెవెన్‌వర్త్ జైలుకు 1903లో విల్ వెస్ట్ అనే ఖైదీ వచ్చాడు. కొలతలు తీస్తే అప్పటికే లోపల ఉన్న విలియం వెస్ట్ కార్డుతో దాదాపు సరిపోయాయి. ముఖాలూ ఒకేలా ఉన్నాయి. వెంటనే వేలిముద్రలు తీసి తేడా కనిపెట్టారు, ఆ రోజుతో కొలతల పద్ధతి చచ్చిపోయింది అని. ఇద్దరు వెస్ట్‌లు ఉన్న మాట నిజం, పోలికలూ నిజం. కానీ ఆ జైల్లో వేలిముద్రలు మొదలైందే 1904లో. కథలోని నాటకం తర్వాత అతికించింది. దయచేసి మీ ప్రాజెక్టులో దీన్ని ముఖ్య కారణంగా రాయకండి.

అసలు కారణాలు మూడు కనిపిస్తాయి నాకు. మొదటిది కొలిచే చెయ్యి. ఒకే తలను ఇద్దరు కానిస్టేబుళ్లు కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. ఒకడు కాలిపర్స్ గట్టిగా నొక్కుతాడు, ఇంకొకడు వదులుగా పెడతాడు. బెర్టిలాన్ దగ్గరుండి నేర్పిన పారిస్‌లో ఇది అదుపులో ఉండేది. వేరే ఊళ్లలో ఉండేది కాదు. రెండోది ఇందాక చెప్పిన హద్దులు. 'మధ్య' వరుస ఇరుకు కాబట్టి చాలామంది కొలతలు హద్దు దగ్గరే పడతాయి. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే కార్డు పక్క డ్రాయర్‌లోకి పోతుంది. జాగ్రత్తగా వెతకాలంటే హద్దు మీదున్న ప్రతి కొలతకూ రెండు చోట్లా చూడాలి. ఏడు కొలతలూ హద్దు మీదే ఉంటే 128 చోట్లు. మూడోది లెక్కలోనే ఉన్న లోపం. ఒక్కో కొలత కలిసే అవకాశం నాలుగింట ఒకటనుకుంటే 11 కొలతలూ కలిసే అవకాశం 41,94,304లో ఒకటని చెప్పేవారు. కానీ పొడుగు మనిషికి చేతులూ పొడుగే, పాదమూ పొడుగే. ఆ కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి, విడివిడిగా గుణించకూడదు. ఈ మాట 1888లోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త పట్టుకున్నాడు. రెండు కొలతల మధ్య సంబంధాన్ని లెక్కకట్టే గణితం ఆయన అదే ఏడాది బయటపెట్టాడు.

ఇక్కడ కథ మన దేశానికి వస్తుంది. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. బెంగాల్‌లో పనిచేసిన బ్రిటిష్ అధికారి విలియం హెర్షెల్ 1858లో ఒక కంకర కాంట్రాక్టు కాగితం మీద రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తర్వాత ఏళ్ల తరబడి ముద్రలు పోగుచేసి, అవి మారవని చూశాడు. 1890లలో బెంగాల్ పోలీసు పెద్ద ఎడ్వర్డ్ హెన్రీ ముందు కొలతల పద్ధతే పెట్టాడు. ఊరూరా కొలతల్లో తప్పులు చూసి విసిగి, వేలిముద్రల వైపు తిరిగాడు. ముద్రలు ఇద్దరికి కలవవు, సరే. వేల కాగితాల్లో ఒకదాన్ని తీయడం ఎలా? మళ్లీ అదే పాత చిక్కు.

దాన్ని విప్పింది హెన్రీ కింద పనిచేసిన ఇద్దరు భారతీయ సబ్ ఇన్‌స్పెక్టర్లు. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. హక్ గణితం చదివినవాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు పిల్లల వేళ్లు చూసి శంఖాలెన్ని, చక్రాలెన్ని అని లెక్కపెడతారు కదా, వాళ్ల పద్ధతి మూలం దాదాపు అదే. పది వేళ్లను ఐదు జతలు చేశారు. చక్రం మొదటి జతలో పడితే 16, రెండో జతలో 8, తర్వాత 4, 2, 1. చక్రం లేని వేలికి సున్నా. జతలో ఒక వేలి విలువ పైన, రెండో వేలిది కింద కలుపుతారు. రెండింటికీ ఒకటి చేర్చి భిన్నంలా రాస్తారు. ఒక్క చక్రమూ లేనివాడు ఒకటి బై ఒకటి, పదివేళ్లూ చక్రాలున్నవాడు 32 బై 32. మొత్తం 1,024 అరలు. కాలిపర్స్ లేవు, మిల్లీమీటర్లు లేవు. చూసి లెక్కపెట్టడమే. 1897లో ప్రభుత్వం వేసిన కమిటీ రెండు పద్ధతులనూ పోల్చి వేలిముద్రలకే ఓటేసింది. అదే ఏడాది కలకత్తాలో బ్యూరో తెరిచారు. లండన్ స్కాట్లండ్ యార్డులో బ్యూరో వచ్చింది 1901లో, అదీ హెన్రీ అక్కడికి వెళ్లాక. పద్ధతికి మాత్రం ప్రపంచమంతా హెన్రీ పేరే నిలిచింది. హక్, బోస్‌లకు బిరుదులు, నగదు బహుమతి దక్కాయి, అదీ చాలా ఆలస్యంగా. నేను శిక్షణ ఇచ్చిన ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజు ఆ ఇద్దరి పేర్లు బోర్డు మీద రాసేవాణ్ని.

1898లో జల్పాయ్‌గురిలో ఒక టీ తోట మేనేజరు హత్య కేసు విచారణకు వచ్చింది. హత్య జరిగిన చోట దొరికిన బెంగాలీ పంచాంగం మీద రక్తపు వేలిముద్ర ఉంది. అది ఆయన పాత నౌకరుదని రికార్డు చెప్పింది. కోర్టు ఏం చేసిందో చూడండి. దొంగతనానికి శిక్ష వేసింది, హత్యకు వేయలేదు. ముద్ర ఉంది కాబట్టి అతను అక్కడికి వచ్చాడు, అంతకు మించి ముద్ర చెప్పదు అని. 125 ఏళ్ల కిందటి ఆ జాగ్రత్త నాకు ఇప్పటికీ గౌరవం కలిగిస్తుంది. మరుసటి ఏడాది సాక్ష్య చట్టంలో వేలిముద్రల నిపుణుడి అభిప్రాయానికి చోటిచ్చారు.

ఇంకో తేడా నా అనుభవం నుంచి చెబుతాను. కొలతల కార్డు మీద ఉండేది ఒక గుమాస్తా రాసిన అంకె. అతను తప్పు రాస్తే ఇరవై ఏళ్ల తర్వాత ఆ తప్పును కాగితం చూసి కనిపెట్టలేం. వేలిముద్రల స్లిప్పు మీద ఉండేది ఆ మనిషి వేలే. నేను సర్వీసులో ఉండగా ఒక జిల్లా నుంచి ఒక కుర్రాడి కేసు వచ్చింది. ఫొటో ఆల్బమ్ చూపిస్తే ఇద్దరు సాక్షులు ఇతనే అని వేలు పెట్టి చూపించారు. స్టేషన్‌లో అందరికీ నమ్మకం కుదిరింది. కిటికీ అద్దం మీది ముద్రలు మాత్రం అతనివి కావు. మొదట స్లిప్పు చదివిన ఉద్యోగి తొందర్లో కొన్ని పోలికలు చూసి కలిసిందని రాశాడు. రెండోసారి చూసే పని నాకు పడింది. అసలు గీతలు కాగితం మీదే ఉన్నాయి కాబట్టి తప్పు దొరికింది. అంకెలు మాత్రమే ఉండి ఉంటే ఆ కుర్రాడి గతి తల్చుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముఖం చూసి గుర్తుపట్టడం ఎంత మోసమో లండన్‌లో అడాల్ఫ్ బెక్‌ను అడగాలి. 1896లో పదిమందికి పైగా ఆడవాళ్లు తమను మోసం చేసింది ఇతనేనని చెప్పారు. శిక్ష పడింది. అసలు మోసగాడి జైలు రికార్డులో రాసిన ఒంటి గుర్తు బెక్‌కు లేదు. అయినా మొదట ఎవరూ వినలేదు. 1904లో మళ్లీ అవే ఆరోపణలతో దొరికాడు, మళ్లీ దోషి అన్నారు. ఈలోపు అసలువాడు పట్టుబడ్డాడు. ఆ గొడవ ముఖ్య కారణంగా 1907లో ఇంగ్లండులో క్రిమినల్ అప్పీలు కోర్టు వచ్చింది.

బెర్టిలాన్ విషయానికి వస్తే, అతను వేలిముద్రలను కాదనలేదు. తన కార్డుల మీద కుడి చేతి ముద్రలు వేయించాడు. 1902లో ఒక డెంటిస్టు నౌకరు హత్య కేసులో అద్దం మీది ముద్రలతో షెఫర్ అనే పాత నేరస్తుణ్ని పట్టింది అతనే. కానీ డ్రాయర్లు కొలతల ప్రకారమే ఉంచాడు. 1911 ఆగస్టులో లూవ్ర్ మ్యూజియం నుంచి మోనాలిసా పోయింది. చట్రం అద్దం మీద వేలిముద్ర దొరికింది. దొంగ పెరుజియా అంతకు ముందే అరెస్టయినవాడు, కార్డు పారిస్‌లోనే ఉంది. అయినా ఏం లాభం, అద్దం మీది ముద్రకు తల పొడవు ఉండదు కదా, ఏ డ్రాయర్ తీస్తారు? పెరుజియా రెండేళ్ల తర్వాత ఫ్లోరెన్సులో బొమ్మ అమ్మబోయి దొరికాడు. బెర్టిలాన్ 1914 ఫిబ్రవరిలో చనిపోయాడు.

అతని మీద నాకున్న ఒక్క పెద్ద ఫిర్యాదు డ్రైఫస్ కేసు. డ్రైఫస్ ఫ్రెంచి సైన్యాధికారి, ఒక చీటీ రాసి సైనిక రహస్యాలు శత్రువుకు అందించాడని అతని మీద ఆరోపణ. 1894లో చేతిరాత తన విద్య కాకపోయినా నిపుణుడిగా సాక్ష్యమిచ్చాడు. రాత కలవని చోట, డ్రైఫస్ తన రాతను తానే కావాలని మార్చి రాశాడని వాదించాడు. ఒక నిర్దోషి దీవిలో ఖైదు అనుభవించాడు. 1904లో గణిత శాస్త్రవేత్త పాంకరే, మరో ఇద్దరు నిపుణులు ఆ లెక్కలన్నీ తప్పని తేల్చారు.

మూడో ప్రశ్న. మన తెలుగు నేల మీద ఈ విద్య వేసిన మచ్చ గురించి ముందు చెప్పాలి. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్త తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. ఒక కులంలో పుట్టడమే నేరమన్నట్టు ఎరుకల లాంటి వాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కించి, వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా కట్టిన సెటిల్‌మెంటే. నేరం చేసినవాణ్ని మళ్లీ గుర్తుపట్టడానికి పుట్టిన పద్ధతిని నేరమే చేయని పిల్లల మీద వాడారు. చట్టం 1952లో పోయింది. ఆ ఊరి పేరు చెప్పగానే జనం ముఖాల్లో వచ్చే మార్పు మాత్రం నా సర్వీసు చివరి రోజు దాకా చూశాను. అది నాకు చాలా కష్టంగా ఉండేది.

మిగిలినవి అడిగారు. స్టేషన్‌లో ఎదురుగా, పక్కనుంచి తీసే రెండు ఫొటోలు సూటిగా బెర్టిలాన్‌వే.  మీ పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూడండి, రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. అది కూడా ఒంటి గుర్తులతో మనిషిని ఖాయం చేసుకునే ఆ పాత అలవాటే. చట్టంలో అయితే మాటే మిగిలింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం 'కొలతలు' అంటే వేలిముద్రలు, పాదముద్రలు కూడా అని చెప్పింది. దాని స్థానంలో 2022లో వచ్చిన కొత్త చట్టంలో అదే 'కొలతలు' అనే మాట కింద అరచేతి ముద్రలు, ఫొటోలు, కంటిపాప స్కాన్, రక్తం లాంటి నమూనాలు, సంతకం, చేతిరాత అన్నీ చేరాయి. రికార్డు 75 ఏళ్లు ఉంచవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, వెతకడం కంప్యూటర్‌కు క్షణాల పని అయ్యాక పాత చిక్కు తీరిపోయింది. ఇప్పుడు భయం ఉండకూడని కాగితం ఉండిపోవడం గురించి. ఆ 2022 చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది. అంతకు ముందు శిక్ష పడనివాడు విచారణ లేకుండా విడుదలైనా, కేసు కొట్టేసినా, నిర్దోషిగా తేలినా, అప్పీళ్లన్నీ ముగిశాక, కోర్టు వేరే చెబితే తప్ప అతని కొలతల రికార్డు చెరిపేయాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, అడగరు. మీరు ప్రాక్టీసు మొదలుపెట్టాక క్లయింటు బయటపడిన రోజునే ఆ దరఖాస్తు కూడా రాయండి. సెక్షన్ 4 చూడండి, అందులోనే ఉంది.